అపర్చర్ కన్నా ముందు అడుగు: లెన్స్‌ను అర్థం చేసుకుని ఫొటో తీయడం ఎలా

కొత్తగా కెమెరా కొన్నవాళ్లలో చాలామంది కొన్నాళ్లకే 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ తెచ్చుకుంటారు. మనిషి స్పష్టంగా, వెనకంతా మసగ్గా వచ్చే ఫొటోల మీద ఉండే మోజు అలాంటిది. తీరా ఇంట్లో పెళ్లికి తీసిన ఫొటోలు కంప్యూటర్లో పెద్దవి చేసి చూస్తే, పెళ్లికూతురి ముక్కుపుడక అద్దంలా ఉంటుంది, కళ్లు మాత్రం మసకబారి ఉంటాయి. పక్కనున్న పెళ్లికొడుకు సంగతి చెప్పక్కర్లేదు. లెన్స్ బాగోలేదేమో, ఫోకస్ పాడైందేమో అని టెన్షన్ పడతారు.

సాధారణంగా లెన్స్ తప్పేమీ ఉండదు. తర్వాత తేల్చుకోవాల్సిన అపర్చర్‌ను, అంటే లెన్స్ లోపల వెలుతురును రానిచ్చే కన్నాన్ని, అన్నిటికన్నా ముందే తేల్చేసుకోవడం వల్ల వచ్చే చిక్కు అది. ముందు ఎక్కడ నిలబడాలో చూసుకోవాలి. తర్వాత ఏ ఫోకల్ లెంత్ కావాలో, అంటే ఎంత దృశ్యం పట్టాలో చెప్పే ఎంఎం అంకె ఏదో చూసుకోవాలి. అపర్చర్ ఆ తర్వాత. షట్టర్ స్పీడ్ (వెలుతురు ఎంతసేపు పడాలి), ఐఎస్ఓ (కెమెరా ఆ వెలుతురుకు ఎంతగా స్పందించాలి) ఇంకా తర్వాత. ఈ వరుస పట్టుబడితే కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్‌తో కూడా మంచి ఫొటోలు వస్తాయి. అది తప్పితే ఎంత ఖరీదైన లెన్స్ అయినా ఇబ్బంది పెడుతుంది.

ఇక్కడి లెక్కలన్నీ ఎక్కువమంది చేతుల్లో ఉండే క్రాప్ సెన్సార్ (బొమ్మ పడే సెన్సార్ కాస్త చిన్నదిగా ఉండే) కెమెరాకు, దాంతో వచ్చే 18-55 ఎంఎం లెన్స్‌కు, ఒక 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్‌కు సరిపడేలా వేశాను.

1. ముందు లెన్స్ మీద రాసి ఉన్నది చదవండి

లెన్స్ ముందువైపు అద్దం చుట్టూ చిన్న అక్షరాలుంటాయి. 18-55 ఎంఎం 1:3.5-5.6 అని ఉందనుకోండి. 18 నుంచి 55 దాకా ఫోకల్ లెంత్ మార్చుకోవచ్చు, అంటే ఇది జూమ్. 18 దగ్గర అపర్చర్‌ను ఎఫ్/3.5 దాకా తెరవొచ్చు. 55కు వెళ్లేసరికి ఎఫ్/5.6 మించి తెరుచుకోదు. 50 ఎంఎం 1:1.8 అని ఉంటే ఫోకల్ లెంత్ ఒక్కటే, దాన్ని ప్రైమ్ లెన్స్ అంటారు.

సున్నాకు అడ్డగీత కొట్టిన గుర్తు పక్కన 49 అనో 58 అనో ఇంకో అంకె ఉంటుంది. అది ఫిల్టర్ సైజు. చాలామంది దాన్నే ఫోకల్ లెంత్ అనుకుంటారు. మూత పోయినప్పుడు షాపులో చెప్పాల్సిన అంకె అదే. లెన్స్ మీద ఎంతవరకు దగ్గరకెళ్లి ఫోకస్ చేయొచ్చో కూడా రాసి ఉంటుంది. 0.35 మీ. అని ఉంటే, సెన్సార్ నుంచి 35 సెంటీమీటర్లకన్నా దగ్గరున్న వస్తువు మీద ఫోకస్ పడదు. ఉంగరాన్నో మెట్టెల్నో లెన్స్‌కు ఆనించినట్టు తీయబోతే కెమెరా గిర్రుగిర్రుమంటూ ఫోకస్ దొరక్క తంటాలు పడేది అందుకే.

2. అపర్చర్‌ను కళ్లారా చూడండి

ఈ ఒక్క పని చేస్తే సగం అయోమయం పోతుంది. డీఎస్ఎల్ఆర్‌కు (లోపల అద్దముండి, వ్యూఫైండర్ అనే చిన్న కిటికీలోంచి చూసే కెమెరా) 50 ఎంఎం లెన్స్ తగిలించి, ఎం మోడ్‌లో, అంటే అంకెలన్నీ మనమే పెట్టుకునే మోడ్‌లో పెట్టండి. అపర్చర్ ఎఫ్/16, షట్టర్ స్పీడ్ 3 సెకన్లు. కెమెరాను టేబుల్ మీద పెట్టి ముందువైపు నుంచి లెన్స్‌లోకి చూస్తూ బటన్ నొక్కండి. పక్కన ఫోన్ టార్చ్ వెలిగిస్తే ఇంకా బాగా కనిపిస్తుంది. లోపల సన్నని నల్లటి రెక్కలు ఒకదాని మీద ఒకటి జరుగుతూ వచ్చి మధ్యలో చిన్న కన్నం మిగులుస్తాయి. 3 సెకన్లు అలాగే ఉండి, టక్కున మళ్లీ తెరుచుకుంటాయి. ఇప్పుడు అదే పని ఎఫ్/1.8 దగ్గర చేయండి. రెక్కలు కదలనే కదలవు.

డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్లోంచి చూస్తున్నంతసేపూ అపర్చర్ పూర్తిగా తెరిచే ఉంటుందని దీనివల్ల తెలుస్తుంది. మీరు పెట్టిన అంకెకు రెక్కలు వచ్చేది ఫొటో తీసే క్షణంలోనే. కాబట్టి వ్యూఫైండర్లో కనిపించిన మసక, ఫొటోలో వచ్చే మసక ఒకటి కావు. చాలా మోడళ్లలో లెన్స్ పక్కనే డెప్త్ ప్రివ్యూ బటన్ ఉంటుంది. అది నొక్కితే రెక్కలు ముందుగానే మూసుకుని అసలు ఫొటో ఎలా ఉంటుందో చూపిస్తాయి.

అంకె చిన్నదైతే కన్నం పెద్దదెలా అవుతుందన్నది అందరికీ వచ్చే సందేహం. ఎఫ్ అంకె ఒక భాగహారం. ఫోకల్ లెంత్‌ను ఆ అంకెతో భాగిస్తే ముందునుంచి కనిపించే కన్నం వెడల్పు వస్తుంది. 50 ఎంఎం లెన్స్‌లో ఎఫ్/2 అంటే 25 మిల్లీమీటర్లు. ఎఫ్/16 అంటే 3 మిల్లీమీటర్ల పైచిలుకు. ఫంక్షన్ హాళ్లలో ఫొటోగ్రాఫర్ల భుజాన వేలాడే 70-200 ఎఫ్/2.8 లెన్స్ అంత బరువెందుకో కూడా ఈ లెక్కే చెబుతుంది. 200ను 2.8తో భాగిస్తే 71 మిల్లీమీటర్లు. అంత వెడల్పు కన్నానికి అంతకన్నా పెద్ద గాజులు కావాలి. ఫోన్ కెమెరాలో అసలు ఫోకల్ లెంత్ ఆరేడు ఎంఎం మాత్రమే. దాని మీద ఎఫ్/1.8 అని రాసున్నా కన్నం 4 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అందుకే ఫోన్‌లో పోర్ట్రెయిట్ మోడ్ ఇచ్చే మసక చాలావరకు సాఫ్ట్‌వేర్ వేసిందే.

1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16, 22. ఈ వరుసను కంఠస్థం చేయండి. ఒక అంకె నుంచి పక్క అంకెకు పోతే వెలుతురు సగమవుతుంది, వెనక్కొస్తే రెట్టింపవుతుంది. ఈ ఒక్కో మెట్టును స్టాప్ అంటారు. కెమెరా డయల్‌లో మధ్యలో 3.2, 3.5, 6.3 లాంటివి కూడా వస్తాయి. అవి స్టాప్‌లో మూడోవంతులు.

3. నిలబడే చోటు

ఒకరిని కుర్చీలో కూర్చోబెట్టండి. 18 ఎంఎం పెట్టి, ముఖం ఫ్రేమంతా నిండేదాకా దగ్గరకెళ్లి ఒక ఫొటో తీయండి. తర్వాత 55కు జూమ్ చేసి, ముఖం అంతే సైజులో వచ్చేదాకా వెనక్కి జరిగి ఇంకోటి తీయండి. మొదటి దాంట్లో ముక్కు ముందుకు పొడుచుకొచ్చి, చెవులు వెనక్కి పోతాయి. రెండోది మనకు తెలిసిన ముఖంలా ఉంటుంది. లెన్స్ ముఖాన్ని మార్చేస్తుందని అందరూ అంటుంటారు గానీ, మార్చింది దూరం. ముక్కు మీకు చాలా దగ్గరగా, చెవి దాంతో పోలిస్తే బాగా దూరంగా ఉంది. అంతకు మూడు రెట్ల దూరానికి జరిగేసరికి ఆ తేడా చాలావరకు తగ్గిపోయింది.

వెనకున్న వాటికీ ఇదే వర్తిస్తుంది. చార్మినార్ ముందు స్నేహితుణ్ణి నిలబెట్టి దగ్గర నుంచి 18తో తీస్తే మనిషి పెద్దగా, చార్మినార్ బొమ్మంత వస్తుంది. ఆయన్ని అక్కడే ఉంచి మీరు బాగా వెనక్కొచ్చి 55తో తీయండి. మనిషి సైజు మారదు, చార్మినార్ మాత్రం ఆయన వెనక నిండుగా లేచి నిలబడుతుంది. ఇదంతా కాళ్లతో చేసే పని. ఏ అపర్చరూ దీన్ని చేసిపెట్టలేదు.

4. ఆ చోటు నుంచి ఎంత కనపడాలి: ఫోకల్ లెంత్

చోటు కుదిరాక ఫ్రేమ్‌లో ఎంతవరకు రావాలో ఫోకల్ లెంత్ తేలుస్తుంది. మన ఇళ్లలో 10×12 అడుగుల గది మామూలు. గోడకు ఆనుకుని నిలబడి మూడు మీటర్ల దూరంలో ఉన్నవాళ్లను తీస్తున్నారనుకోండి. క్రాప్ సెన్సార్ మీద 50 ఎంఎం లెన్స్‌కు అక్కడ దొరికే వెడల్పు 1.4 మీటర్ల లోపే. ఇద్దరు పక్కపక్కన నిలబడితే అయిపోయింది. 35 ఎంఎంకు సుమారు 2 మీటర్లు, 18కి 3.8 మీటర్ల దాకా వస్తుంది. పుట్టినరోజు కేకు కోసే ఫొటోలో మేనత్త సగమే ఎందుకొచ్చిందన్నదానికి జవాబు ఇదే. ఎక్కువగా ఇంట్లో, పిల్లల్ని తీసేవాళ్లకు మొదటి ప్రైమ్‌గా 50 కన్నా 35 నయమని నా గట్టి అభిప్రాయం.

పెద్ద సెన్సార్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరా వాడేవాళ్లు చెప్పే 50కి, మీ 50కి తేడా ఉంటుంది. క్రాప్ సెన్సార్ చిన్నది కాబట్టి లెన్స్ చూపించే దృశ్యంలో మధ్య భాగాన్నే తీసుకుంటుంది. నికాన్, సోనీ, ఫుజీల్లో 1.5తో, కెనాన్‌లో 1.6తో హెచ్చిస్తే ఫుల్ ఫ్రేమ్‌లో దానికి సమానమైన కోణం తెలుస్తుంది. మీ 50 అక్కడి 75 లేదా 80.

వైడ్ లెన్స్‌తో గ్రూప్ ఫొటో తీస్తుంటే అంచుల్లో ఉన్నవాళ్లు పక్కకు సాగుతారు. పెద్దవాళ్లను, కాస్త ఒళ్లున్నవాళ్లను మధ్యలోకి జరపండి, రెండు వైపులా కొంచెం ఖాళీ వదలండి. ఇక కొల్లేరు దగ్గర ఆటపాకలో పెలికాన్ పక్షుల్ని తీయాలంటే 300 ఎంఎం, అంతకన్నా ఎక్కువే కావాలి. అక్కడ అపర్చర్ గురించి పెద్దగా ఆలోచించే పని లేదు. ఉన్నంతా తెరిచి, షట్టర్ స్పీడ్ 1/1000 సెకను కన్నా వేగంగా ఉండేలా చూసుకుంటే చాలు.

5. ఎంత లోతు స్పష్టంగా ఉండాలి: అపర్చర్

డైనింగ్ టేబుల్ మీద కొండపల్లి బొమ్మలో, స్టీలు గ్లాసులో ఐదు తీసుకుని ఏటవాలు వరుసలో పేర్చండి. కెమెరా నుంచి చూస్తే ఒక్కోటి ముందుదానికన్నా పది సెంటీమీటర్లు వెనకుండాలి. మధ్య బొమ్మకు మీటరు దూరంలో 50 ఎంఎం లెన్స్‌తో కూర్చుని, దాని కంటి మీద ఫోకస్ చేయండి. ‘A’ మోడ్‌లో, కెనాన్ అయితే ‘Av’ మోడ్‌లో (అపర్చర్ మనం పెడితే షట్టర్ స్పీడ్ కెమెరానే చూసుకుంటుంది), ఎఫ్/1.8, 4, 8, 16 దగ్గర ఒక్కో ఫొటో తీసి పెద్దవి చేసి చూడండి.

ఎఫ్/1.8 దగ్గర స్పష్టంగా ఉండే లోతు దాదాపు 3 సెంటీమీటర్లు. బొమ్మ ముఖం బాగుంటుంది, దాని వెనకున్న చెయ్యి అప్పుడే కరగడం మొదలవుతుంది. ఎఫ్/8కు అది 12 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, పక్క బొమ్మలు దారికొస్తాయి. ఎఫ్/16 దగ్గర పాతిక సెంటీమీటర్లు. ఇప్పుడు అపర్చర్ ఎఫ్/1.8 దగ్గరే ఉంచి మీరు రెండు మీటర్లకు జరగండి. 3 సెంటీమీటర్ల లోతు 11 సెంటీమీటర్ల పైకి చేరుతుంది. దూరం రెట్టింపైతే లోతు సుమారు నాలుగు రెట్లవుతుంది. అంటే ఒక్క అడుగు వెనక్కి వేసినా, డయల్ చాలాసేపు తిప్పినంత పనవుతుంది.

కన్నం చిన్నదైతే లోతెందుకు పెరుగుతుంది? కళ్లద్దాలు వాడేవాళ్లు అవి లేనప్పుడు కళ్లు చిట్లించి బస్సు బోర్డు చదవడం చూసే ఉంటారు. దారి ఇరుకైతే కాంతి కిరణాలు అటూ ఇటూ చెదరకుండా సన్నగా వస్తాయి. అప్పుడు ఫోకస్‌లో లేని చుక్క కూడా పెద్ద మచ్చగా పరుచుకోకుండా చిన్నగానే ఉంటుంది, మన కంటికి స్పష్టంగానే అనిపిస్తుంది.

ఇప్పుడు పెళ్లి మండపానికి వద్దాం. జీలకర్ర బెల్లం పెట్టే ఘడియ. అడ్డుతెర దించారు, ఇద్దరి చేతులూ ఒకరి తల మీద ఒకరివి ఉన్నాయి. మీరు పెళ్లికూతురి భుజం వెనక నుంచి ఏటవాలుగా తీస్తే, ఇద్దరి ముఖాలకూ మీ నుంచి ఉన్న దూరంలో కనీసం 30, 40 సెంటీమీటర్ల తేడా ఉంటుంది. రెండు మీటర్ల నుంచి 50 ఎంఎంతో ఎఫ్/1.8 ఇచ్చేది 11 సెంటీమీటర్లే కాబట్టి ఒకరే దక్కుతారు. ఇద్దరూ కావాలంటే ఎఫ్/5.6, లేదా ఇంకాస్త భద్రంగా ఎఫ్/8 కావాలి. హాల్లో అంత వెలుతురు ఎక్కడిది?

రెండడుగులు పక్కకు వేయండి. ఇద్దర్నీ పక్క నుంచి చూసే చోటికి రండి. ఇప్పుడు రెండు ముఖాలూ మీకు ఒకే దూరంలో ఉన్నాయి. ఎఫ్/2.8 సరిపోతుంది, ఎఫ్/8తో పోలిస్తే మూడు స్టాప్‌లు, అంటే ఎనిమిది రెట్ల వెలుతురు మిగిలింది. వెనకున్న పూల అలంకరణ కూడా మెత్తగా కరుగుతుంది. నిలబడే చోటు ముందు, అపర్చర్ తర్వాత అని పదేపదే అంటున్నది ఇందుకే. అయితే ఆ చోటు వీడియో తీసేవాళ్లదో, పురోహితుడిదో కావచ్చు. ముహూర్తానికి ముందే వాళ్లతో ఒక మాట చెప్పుకోండి.

మూడు వరుసల గ్రూప్ ఫొటో అనగానే కొందరు భయపడి ఎఫ్/11 పెట్టేస్తారు. అక్కర్లేదు. 35 ఎంఎం దగ్గర, నాలుగు మీటర్ల దూరంలో ఎఫ్/4కే రెండు మీటర్ల లోతు వస్తుంది. ఫోకస్ చేసిన చోటు నుంచి ముందుకు 80 సెంటీమీటర్లు, వెనక్కి 1.4 మీటర్లు. వెనకవైపే ఎక్కువ కాబట్టి ముందు వరుసలోనో, మధ్య వరుసలోనో ఉన్నవాళ్ల కంటి మీద ఫోకస్ పెట్టండి. చివరి వరుస మీద మాత్రం వద్దు. అంచుల్లో ఇంకాస్త పదును కావాలంటే ఎఫ్/5.6.

వెనక మసగ్గా రావాలంటే అపర్చర్ ఒక్కటే చాలదు. మనిషిని గోడకు ఆనించి నిలబెడితే ఎఫ్/1.8 కూడా గోడ మీది గీతల్ని దాచదు. గోడ నుంచి రెండు మూడు మీటర్లు ముందుకు రప్పిస్తే 55 ఎంఎం ఎఫ్/5.6 కిట్ లెన్స్‌తోనే ముచ్చటైన మసక వస్తుంది. వెనక సీరియల్ లైట్లుంటే అవి గుండ్రటి వెలుగు చుక్కలవుతాయి.

6. మిగిలిన రెండు అంకెలు

అపర్చర్ తేల్చుకున్నాక షట్టర్ స్పీడ్ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. చెయ్యి వణికితే ఎంత, ఎదుటివాళ్లు కదిలితే ఎంత? చెయ్యి సంగతికైతే ఫోకల్ లెంత్‌ను క్రాప్ అంకెతో హెచ్చించి, అంతకన్నా వేగంగా పెట్టాలి. మీ 50కి 1/80 కాబట్టి 1/100 అనుకోండి. లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉంటే ఇంకా తగ్గించవచ్చు. అది మీ వణుకునే ఆపుతుంది, పరుగెత్తే పిల్లాణ్ణి ఆపదు. పిల్లలకు 1/250 ఉండాలి. తలంబ్రాలు గాల్లో ఉండగా బియ్యపు గింజలు విడివిడిగా కనపడాలంటే 1/500. అక్కడ నేనైతే ఎఫ్/4, 1/500 పెట్టి ఐఎస్ఓను ఆటోలో వదిలి, గరిష్ఠం 6400 అని కెమెరాకు చెబుతాను. ఐఎస్ఓ పెరగడం వల్ల ఫొటోలో వచ్చే గరుకుదనాన్ని తర్వాత తగ్గించుకోవచ్చు. కదిలిపోయిన ముఖాన్ని ఏం చేసినా బాగుచేయలేం.

వెలుతురు చాలని చోట ప్రైమ్ లెన్స్ విలువ తెలుస్తుంది. ఎఫ్/5.6తో పోలిస్తే ఎఫ్/1.8 దాదాపు పది రెట్ల వెలుతురు రానిస్తుంది. కిట్ లెన్స్‌కు ఐఎస్ఓ 6400 కావాల్సిన చోట దీనికి 640 చాలు.

ఫంక్షన్ హాళ్లలో కొన్ని ఎల్ఈడీ లైట్ల కింద ఫొటోలో అడ్డంగా నల్ల చారలు పడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి అలాంటి లైట్లు సెకనుకు వందసార్లు మినుకుతాయి. షట్టర్ 1/100 లేదా 1/50కి తెస్తే చారలు చాలావరకు పోతాయి.

మధ్యాహ్నపు ఎండలో తిప్పలు దీనికి తలకిందులు. నడినెత్తి ఎండకు పాత లెక్క ఒకటుంది: ఎఫ్/16, ఐఎస్ఓ 100, షట్టర్ 1/100. దాన్ని ఎఫ్/1.8కు మార్చితే 1/8000 కావాలి. చిన్న కెమెరాలు చాలావరకు 1/4000 దగ్గరే ఆగిపోతాయి, ఫొటో తెల్లగా పాలిపోతుంది. నీడలోకి జరగండి, లేదా ఎఫ్/2.8, 4లకు రండి.

7. పెద్ద అంకెలు ఎక్కడ పనికొస్తాయి

గండికోటలో పెన్నా లోయ అంచున నిలబడి, కాళ్ల దగ్గరి ఎర్రరాయి నుంచి అవతలి గట్టుదాకా అంతా స్పష్టంగా కావాలనుకుంటే ఎఫ్/22 అక్కర్లేదు. 18 ఎంఎం, ఎఫ్/8 పెట్టి రెండు మీటర్ల దూరంలో ఉన్న రాయి మీద ఫోకస్ చేస్తే, మీటరు దూరం నుంచి కనుచూపు మేరదాకా అంతా స్పష్టంగా వస్తుంది. నేరుగా అవతలి గట్టు మీద ఫోకస్ చేస్తే ముందున్న రాయి మసకబారుతుంది.

ఎఫ్/22 దగ్గర ఇంకో నష్టముంది. మరీ సన్నని కన్నంలోంచి వచ్చేటప్పుడు కాంతి పక్కలకు విచ్చుకుంటుంది. ఒక్కో చుక్క సెన్సార్ మీద సుమారు 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) మచ్చవుతుంది. 24 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సార్‌లో ఒక్కో పిక్సెల్ వెడల్పు 4 మైక్రాన్ల లోపే. లోతు పెరుగుతుంది గానీ ఫొటో అంతటా పదును తగ్గుతుంది. ఎఫ్/11 దాటాలంటే గట్టి కారణముండాలి. ఎక్కువ లెన్స్‌లకు పదును బాగుండేది పూర్తిగా తెరిచినదానికి రెండు మూడు స్టాప్‌ల తర్వాత. మీ 50కి ఎఫ్/4, 5.6.

మరి 1932లో కాలిఫోర్నియాలో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్ వంటివాళ్లు తమ బృందానికి ఎఫ్/64 అనే పేరు పెట్టుకున్నారే? వాళ్లు వాడినవి 8×10 అంగుళాల నెగటివ్‌లు పట్టే పెద్ద కెమెరాలు. అంత నెగటివ్‌ను పెద్దగా సాగదీయక్కర్లేదు కాబట్టి ఆ మచ్చలు కంటికి ఆనవు. అంత పొడవైన లెన్స్‌లతో లోతు కావాలంటే అంత మూయకా తప్పదు. ఆ అంకె వాళ్ల కెమెరాకు చెల్లుతుంది, మన చిన్న సెన్సార్‌కు చెల్లదు.

ఎఫ్/16 నేను ఇష్టంగా వాడేది దీపావళికి. దీపపు జ్వాలకు అంతగా రావు గానీ, సన్నని బల్బులకు, వీధి లైట్లకు చుట్టూ నక్షత్రంలా కిరణాలొస్తాయి. కిరణాల లెక్క రెక్కలను బట్టే. రెక్కలు ఏడైతే పద్నాలుగు కిరణాలు, ఎనిమిదైతే ఎనిమిదే. కెమెరాను స్టాండు మీద పెట్టి తీయాలి.

8. పాత లెన్స్ కొంటుంటే

ప్రైమ్ లెన్స్ పాతది కొనడంలో తప్పు లేదు, చూసి కొంటే చాలు. రెండు మూతలూ తీసి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడు పోగుల్లాంటి తెల్లని గీతలు గాజు లోపల కనిపిస్తే అది ఫంగస్, వద్దనేయండి. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో ఇది తొందరగా పడుతుంది. ఒకటి రెండు దుమ్ము కణాలు మాత్రం ఫొటోలో కనిపించవు. తర్వాత లెన్స్‌ను మీ కెమెరాకు తగిలించి, రెండో భాగంలో చెప్పిన ఎఫ్/16 పరీక్ష చేయండి. రెక్కలు చటుక్కున మూసుకుని చటుక్కున తెరుచుకోవాలి. నత్తనడకన కదిలినా, వాటి మీద నూనె మెరిసినా బేరం ఆపేయండి. ఎఫ్/1.8 దగ్గర ఏటవాలుగా పెట్టిన పేపరు మీద ఒక అక్షరానికి ఫోకస్ చేసి, ఆ అక్షరమే స్పష్టంగా వచ్చిందో, దాని ముందుదో వెనకదో వచ్చిందో చూడండి.

ఇంటికి తెచ్చాక తోలు కవర్లో పెట్టి బీరువాలో దాచేయకండి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. వానాకాలంలో పొట్లాల రంగు మారగానే కొత్తవి వేయండి. వారానికోసారి బయటికి తీసి నాలుగు ఫొటోలు తీస్తుంటే ఫంగస్ అంత తొందరగా పట్టదు.